సగటు కాయ

గోదావరి ధవళేశ్వరము దాటిన పిదప పాయలుగా చీలి, సముద్రమును చేరుటకు ముందు కొంత నేలను తన చేతుల నడుమ పొదివికొనును. గౌతమికిని వసిష్ఠకును మధ్యనున్న ఆ నేలయే కోనసీమ. వైనతేయ యను మఱియొక పాయ దానిని నడుమ చీల్చుచు పాఱుచుండును. అమలాపురము, రాజోలు, కొత్తపేట మొదలగునవి ఈ సీమలోని పేరుగన్న ఊళ్ళు. ఎటు చూచినను కొబ్బరితోటలు, వాని నీడలో అరటిచెట్లు, వాని నడుమ కాలువలు. కాయను చేతితో నెత్తి బరువును, చెవియొద్ద ఆడించి అందలి నీటిని అంచనా వేయుట ఇచ్చటి పిల్లలకు ఎవరును నేర్పనక్కఱలేని విద్య.

అమలాపురమునకు కొలది దూరములో, కాలువగట్టున, ఒక ఉన్నత పాఠశాల కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట అందు భౌతికరసాయన శాస్త్రములను బోధించుచుండిన ఉపాధ్యాయుడు మితభాషి. పాఠశాలకు ప్రయోగశాల యన్నది పేరునకు మాత్రమే యుండెను. ఒక బీరువా, అందు కొన్ని గాజు గొట్టములు, అంచు విఱిగిన రెండు బీకరులు, ఇవియే దాని సంపద. అయినను ఆయన అందులకు చింతింపలేదు. వంటయింటిలోను, అంగడిలోను, తోటలోను దొరకని పరికరము శాస్త్రమునకు సాధారణముగా అక్కఱ లేదని ఆయన విశ్వాసము. పిల్లలకు తెలిసిన వస్తువు నుండి తెలియని విషయమునకు ఒక వంతెన కట్టుటయే ఉపాధ్యాయుని పనియని ఆయన తలంచెడివారు.

ఒకనాడు తొమ్మిదవ తరగతిలో పరమాణు నిర్మాణము పాఠము జరుగుచుండెను. పరమాణువు నడుమ కేంద్రకముండుననియు, అందు ప్రోటానులును న్యూట్రానులును గుమిగూడి యుండుననియు, వాని చుట్టును ఎలక్ట్రానులు తిరుగుచుండుననియు పిల్లలు అదివఱకే నేర్చియుండిరి. ప్రోటానుల సంఖ్యయే మూలకమునకు గుర్తు. పదునేడు ప్రోటానులున్న పరమాణువు ఎచ్చటనున్నను అది క్లోరినే. ప్రోటానులను న్యూట్రానులను కలిపి లెక్కించినచో వచ్చునది ద్రవ్యరాశి సంఖ్య. ఎలక్ట్రానుల బరువు అత్యల్పము గనుక దానిని లెక్కలోనికి తీసికొనరు.

గోడకు వ్రేలాడుచున్న మూలకముల పట్టికను చూచుచుండిన ఒక బాలిక లేచి నిలుచుండి, “మాస్టారూ, క్లోరిన్ పరమాణు ద్రవ్యరాశి 35.5 అని వ్రాసియున్నది. ప్రోటానులు ముక్కలుగా నుండవు, న్యూట్రానులును ముక్కలుగా నుండవు అని తమరే చెప్పితిరి. అట్లయినచో ఈ అర యెక్కడనుండి వచ్చినది? అర న్యూట్రాను ఉండునా?” అని అడిగెను.

కొందఱు పిల్లలు కిసుక్కున నవ్విరి. ఉపాధ్యాయుడు మాత్రము నవ్వలేదు. సుద్దముక్కను బల్లపై పెట్టి, “అమ్మాయీ, నీవు అడిగిన ఈ ప్రశ్న నూఱేండ్లకు పైగా గొప్ప శాస్త్రజ్ఞులను వేధించినది. దీనికి ఒక్క మాటలో సమాధానము చెప్పి ఊరకుండుట దానికి అవమానము. రేపు మీరందఱును ఇంటినుండి రూపాయి నాణెములు తెండు. ఎన్ని దొరకిన అన్ని తెండు. వానిని మరల మీకే ఇచ్చివేయుదును” అనెను.

ఆయన చెప్పిన మాట సత్యము. 1815వ సంవత్సరములో ఇంగ్లండు దేశమున ప్రౌట్ అను వైద్యుడు ఒక ఊహను ప్రకటించెను. మూలకములన్నిటి పరమాణు భారములును హైడ్రోజన్ భారమునకు సరియైన గుణిజములనియు, కావున సమస్త పదార్థమును హైడ్రోజనుతోనే కట్టబడినదనియు ఆయన ఊహ. చూచుటకు అది ఎంతయో అందముగానుండెను. పెక్కు మూలకముల భారములు పూర్ణసంఖ్యలకు దగ్గఱగానే యుండెను. కాని క్లోరిన్ మాత్రము లొంగలేదు. ఎంత జాగ్రత్తగా తూచినను అది ముప్పదియైదున్నర యొద్దనే నిలిచినది. ఒక్క మొండి సంఖ్య కారణముగా ఒక సుందరమైన ఊహను శాస్త్రజ్ఞులు ప్రక్కకు నెట్టవలసి వచ్చినది.

మఱునాడు పిల్లలు నాణెములు తెచ్చిరి. ఉపాధ్యాయుడు ఊరి కంసాలిని అడిగి ఒక చిన్న త్రాసును తెచ్చెను. అది గ్రాములో నూఱవ వంతును కూడ చూపగలదు. ఆయన రెండు రూపాయి నాణెములను తీసి పిల్లల యెదుట నుంచెను. ఒకటి 1992 తరువాత వచ్చిన ఉక్కు నాణెము. రెండవది 2011లో వచ్చిన కొత్త అచ్చు. మొదటిది 4.85 గ్రాములు తూగినది. రెండవది కొంచెము చిన్నది, 3.79 గ్రాములు మాత్రమే తూగినది.

“వీనిలో దేని విలువ యెక్కువ?” అని ఆయన అడిగెను.

“రెండును రూపాయే గదా, మాస్టారూ!” అని తరగతి యంతయు ఒక్క గొంతుకతో పలికెను.

ఆయన ఒక బాలుని చేతిలో ఆ రెండు నాణెములనుంచి, పాఠశాల యెదుటనున్న కొట్టునకు పంపెను. వాడు ఒకదానితో ఒక బిళ్ళను, రెండవదానితో అట్టిదే మఱియొక బిళ్ళను కొని తెచ్చెను. కొట్టువాడు నాణెమును తూచలేదు. దానిపైనున్న అంకెను మాత్రమే చూచెను.

“ప్రకృతి అను అంగడిలో ప్రోటానుల సంఖ్యయే నాణెముపైనున్న అంకె. పదునేడు ప్రోటానులున్నచో దాని చుట్టు పదునేడు ఎలక్ట్రానులుండును. సోడియముతో కలిసి ఉప్పగుటకు, హైడ్రోజనుతో కలిసి ఆమ్లమగుటకు ఆ ఎలక్ట్రానులే కారణము. న్యూట్రానులు కేంద్రకములో దాగియుండి బరువును మాత్రము పెంచును. క్లోరినులో రెండు రకముల పరమాణువులు కలవు. ఒకదానిలో పదునెనిమిది న్యూట్రానులు. దాని ద్రవ్యరాశి సంఖ్య 35. మఱియొకదానిలో ఇరువది న్యూట్రానులు. దాని ద్రవ్యరాశి సంఖ్య 37. బరువు వేఱైనను గుణము ఒక్కటే. పట్టికలో రెంటికిని ఒక్కటే గడి. ఇట్టివానినే ఐసోటోపులందురు” అని ఉపాధ్యాయుడు వివరించెను.

ఆ పేరునకు కూడ ఒక కథ కలదు. ఫ్రెడరిక్ సాడీ అను బ్రిటిషు రసాయన శాస్త్రవేత్త, రేడియోధార్మిక పదార్థములను పరిశోధించుచు, బరువు వేఱైనను రసాయనికముగా విడదీయుటకు వీలుకాని పరమాణువులున్నవని గ్రహించెను. వానికి తగిన పేరు కొఱకు వెదకుచుండగా, మార్గరెట్ టాడ్ అను వైద్యురాలు గ్రీకు భాషలోని రెండు పదములను కూర్చి, ‘ఒకే స్థానము’ అను అర్థము వచ్చు ఈ పేరును సూచించెనని చెప్పుదురు. అది 1913వ సంవత్సరము. తెలుగులో సమస్థానీయములన్నను అదే అర్థము. సాడీకి 1921వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది.

అంతలో వెనుక వరుసలోని ఒక బాలుడు త్రాసుతో ఆడుకొనుచు రెండు రూపాయల నాణెమును దానిపై పెట్టెను. అది 2011 తరువాతి అచ్చు. “మాస్టారూ, ఇదియు 4.85 గ్రాములే! పాత రూపాయి బరువును దీని బరువును ఒక్కటే!” అని వాడు కేకవేసెను. అల్లరి చేసినందులకు దండన తప్పదని ప్రక్కవారు భావించిరి. కాని ఉపాధ్యాయుని ముఖము వికసించినది. “బరువు ఒక్కటియైనను విలువలు వేఱు. ప్రకృతిలో ఇట్టివియు కలవు. ఆర్గానులో ప్రోటానులు పదునెనిమిది, కాల్షియములో ఇరువది. కాని రెంటిలోను ద్రవ్యరాశి సంఖ్య 40 గల పరమాణువులున్నవి. వీనికి ఐసోబారులని పేరు. నేను వచ్చు వారము చెప్పవలసిన పాఠమును నీవు ఈనాడే కనుగొంటివి” అని ఆయన వాని వీపు తట్టెను.

పిమ్మట ఆయన అసలు ప్రశ్నకు వచ్చెను. “ఒక రకము 35, మఱియొక రకము 37. ఇప్పుడు సగటు చెప్పుడు.”

ముందు వరుసలో కూర్చుండిన ఒక బాలుడు వెంటనే లేచెను. వాడు లెక్కలలో చుఱుకైనవాడు. వాని తండ్రి కౌలునకు తీసికొన్న కొద్దిపాటి కొబ్బరితోటపై ఆధారపడి బ్రదుకుచుండెను. “35ను 37ను కలిపి రెండుచేత భాగించినచో 36 మాస్టారూ” అని వాడు బదులు చెప్పెను.

“పట్టికలో 35.5 అని గదా యున్నది!” అని ఎవరో అనిరి. తరగతి నవ్వినది. బాలుని ముఖము చిన్నబోయినది.

ఉపాధ్యాయుడు వానిని కూర్చుండుమనలేదు. నల్లబల్లపై రెండు రాశులను గీసెను. “ఒక తోటలో దింపు అయినది. ఎనిమిదివందల కాయలు వచ్చినవి. అందు ఆఱువందలు పెద్దవి, రెండువందలు చిన్నవి. పెద్దకాయ ధర పండ్రెండు రూపాయలు, చిన్నకాయ ధర ఎనిమిది రూపాయలు అనుకొందము. సగటున ఒక్కొక్క కాయకు ఎంత వచ్చును?”

బాలుడు పలక పట్టినవానివలె వ్రేలితో గాలిలో వ్రాసికొనెను. “పెద్దవానికి 7,200 రూపాయలు. చిన్నవానికి 1,600 రూపాయలు. మొత్తము 8,800. ఎనిమిదివందలచేత భాగించినచో పదునొకండు.”

“పండ్రెండును ఎనిమిదిని కలిపి రెండుచేత భాగించినచో?”

“పది.”

“పదికిని పదునొకండునకును భేదమెందుకు వచ్చినది?”

బాలుడు సమాధానము చెప్పలేదు. నల్లబల్ల వంక చూచుచు కొంతసేపు నిలుచుండిపోయెను. వాని కన్నులలో నీరు తిరుగుట ముందు వరుసవారు చూచిరి. తరువాత వాడు మెల్లగా, “మాస్టారూ, గత దింపునందు మా నాన్నగారికి కాయకు పది రూపాయల చొప్పుననే ఇచ్చినారు. పెద్దవానికి పండ్రెండు, చిన్నవానికి ఎనిమిది, వేఱువేఱుగా లెక్కపెట్టుట ఎందులకు, సగటు పది వేసికొందము అని అన్నారు. మా రాశిలో పెద్దకాయలే ఎక్కువ. ఆ లెక్క వ్రాసినది నేనే. సరిగానే యున్నదని నాన్నగారికి చెప్పినదియు నేనే” అనెను.

తరగతి నిశ్శబ్దమైనది. కాయకొక రూపాయి యనిన చిన్నమాటగా తోచవచ్చును. కాని ఎనిమిదివందల కాయలపై అది ఎనిమిదివందల రూపాయలు. కౌలుదారుని యింటిలో అది పాలవానికి బాకీ, పుస్తకముల ఖర్చు, వైద్యుని రుసుము. అంతవఱకు నవ్విన పిల్లలలో సగముమంది తోటలపై బ్రదుకు కుటుంబములవారే. వారును తమ యింటి లెక్కలను మనస్సులో తిరుగవేసికొనుచుండిరి.

ఉపాధ్యాయుడు బాలుని యొద్దకు వచ్చి భుజముపై చేయి వేసి, “నీవు కూడికలో తప్పలేదు, భాగహారములో తప్పలేదు. ఒక్క ప్రశ్నను మాత్రము మఱచితివి. ఏవి ఎన్ని? సగటు కట్టునప్పుడు ముందుగా అడుగవలసిన ప్రశ్న అదియే. రెండు రాశులును సమానమైనప్పుడు మాత్రమే సగమునకు సగము చెల్లును. ఒకవైపు జనము ఎక్కువయున్నచో సగటు ఆ వైపునకే మొగ్గును. ఇప్పుడు క్లోరిన్ లెక్కను నీవే కట్టుము. ప్రతి నాలుగు పరమాణువులలో మూడు 35 రకము, ఒకటి 37 రకము” అనెను.

బాలుడు నల్లబల్లయొద్దకు పోయి సుద్దముక్కను అందుకొనెను. మూడు ముప్పదియైదులు నూటయైదు. దానికి ముప్పదియేడు కలిపినచో నూటనలువది రెండు. దానిని నాలుగుచేత భాగించినచో ముప్పదియైదున్నర. ఆ సంఖ్య క్రింద వాడు రెండు గీతలు గీసెను. ఈ పర్యాయము ఎవరును నవ్వలేదు.

“ఇది ఇంచుమించు లెక్క. సూక్ష్మముగా చూచినచో 35 రకము నూటికి 76 వంతులును, 37 రకము నూటికి 24 వంతులును ఉండును. అందుచే పెద్ద పుస్తకములలో 35.45 అని కనిపించును. అమ్మాయీ, నీ ప్రశ్నకు ఇదిగో సమాధానము. అర న్యూట్రాను ఎక్కడను లేదు. ముప్పదియైదున్నర బరువుగల క్లోరిన్ పరమాణువు ఈ విశ్వములో ఒక్కటియైనను లేదు. మీ వంటయింటిలోని చిటికెడు ఉప్పులో లెక్కకందనన్ని క్లోరిన్ పరమాణువులున్నవి. వానిలో కొన్ని 35 రకము, కొన్ని 37 రకము. ముప్పదియైదున్నర యన్నది ఆ సమూహము యొక్క లెక్కయే గాని అందలి ఏ ఒక్కదాని బరువును గాదు” అని ఉపాధ్యాయుడు ముగించెను.

మఱునాడు ఆయన మూతబెట్టిన ఒక డబ్బాను తెచ్చెను. “ఇందు ఇరువది రూపాయి నాణెములున్నవి. డబ్బా బరువు తీసివేయగా మొత్తము 91.70 గ్రాములు. మూత తీయకుండ అందు పాతవి ఎన్నియో, కొత్తవి ఎన్నియో చెప్పవలెను.” పిల్లలు గుంపులుగా కూర్చుండి ఆలోచించిరి. అన్నియు కొత్తవే యైనచో 75.80 గ్రాములు ఉండవలెను. ఉన్నది దానికంటె 15.90 ఎక్కువ. ఒక్కొక్క కొత్తదాని బదులు పాతది చేరినచో 1.06 గ్రాము పెరుగును. 15.90లో 1.06 సరిగా పదునైదు మాఱులు పోవును. కావున పాతవి పదునైదు, కొత్తవి అయిదు. మూత తీసి లెక్కించినప్పుడు పిల్లలు చప్పట్లు చఱచిరి. కంటికి కనబడని వానిని తూకముతో లెక్కించుట ఎట్లో వారికి బోధపడినది.

“మఱి శాస్త్రజ్ఞులు పరమాణువుల డబ్బా మూతను ఎట్లు తీసిరి, మాస్టారూ?” అని ఒకడు అడిగెను.

ఉపాధ్యాయుడు కళ్ళములో ధాన్యమును తూర్పారబట్టుటను జ్ఞప్తికి తెచ్చెను. చేటతో ఎత్తి పోసినప్పుడు బరువైన గింజ దగ్గఱనే పడును. తేలికయైన తాలు గాలికి దూరముగా పోవును. గాలి ఒక్కటే, కాని బరువును బట్టి దారి మాఱును. కేంబ్రిడ్జిలోని జె. జె. థామ్సన్ 1913 ప్రాంతమున నియాన్ వాయువులో 20, 22 అను రెండు బరువులున్నట్లు సూచన కనుగొనెను. ఆయన శిష్యుడైన ఆస్టన్ 1919లో ఒక యంత్రమును నిర్మించెను. పరమాణువులకు విద్యుదావేశము కల్పించి, విద్యుత్ క్షేత్రము గుండను అయస్కాంత క్షేత్రము గుండను వానిని పరుగెత్తించినచో, తేలికయైనవి ఎక్కువగను, బరువైనవి తక్కువగను వంగును. ఫలకముపై అవి పడిన చోట్లు వేఱువేఱు గీతలుగా కనబడును. ఆస్టన్ క్లోరినును పరీక్షించినప్పుడు 35 యొద్ద ఒక గీతయు, 37 యొద్ద ఒక గీతయు వచ్చినవి. ముప్పదియైదున్నర యొద్ద ఏమియు లేదు. ఆయనకు 1922లో నోబెల్ బహుమానము వచ్చినది. బరువులోని ఈ భేదమునకు కారణమైన న్యూట్రానును 1932లో చాడ్విక్ కనుగొనెను.

ఆ ఉపాధ్యాయునిలో మఱియొక మంచి గుణము కలదు. ఆయన ఉపమానమును వాడుటయేగాక, అది ఎక్కడ ఆగిపోవునో గూడ చెప్పెడివారు. “కొబ్బరికాయలు చిన్నవి, పెద్దవి మాత్రమే గాదు, నడుమ అన్ని బరువులవియు ఉండును. పరమాణువులట్లు గాదు. 35 ఉన్నది, 37 ఉన్నది. ప్రకృతిలోని క్లోరినులో ఆ నడుమ నిలుకడగా నున్నది ఏదియు లేదు. అందుచే కాయలకంటె నాణెములే దగ్గఱి పోలిక. నాణెములు చేతులు మాఱి అరిగిపోవును. పరమాణువులు అట్లు అరుగవు. పోలిక ఏరు దాటించు పడవ వంటిది. ఒడ్డు చేరిన తరువాత దిగి నడువవలెను” అని ఆయన హెచ్చరించెను.

ఇంకొకనాడు పిల్లలను కాలువగట్టునకు తీసికొనిపోయి, చెంబుతో నీరు ముంచి చూపి ఆయన ఇట్లు చెప్పెను. హైడ్రోజను పరమాణువులో సాధారణముగా ఒక ప్రోటాను తప్ప న్యూట్రాను ఉండదు. కాని సుమారు ఆఱువేల అయిదువందల పరమాణువులలో ఒకదానియందు ఒక న్యూట్రాను కూడ నుండును. దానిని 1931లో అమెరికా దేశస్థుడైన యూరీ కనుగొని, 1934లో నోబెల్ బహుమానమును పొందెను. ఈ బరువు హైడ్రోజనుతో ఏర్పడిన నీటికి భారజలమని పేరు. అది మామూలు నీటికంటె నూటికి పది పదునొకండు వంతులు బరువైనది. దానిని గడ్డకట్టించి మామూలు నీటిలో వేసినచో తేలక మునిగిపోవును. అణువిద్యుత్కేంద్రములలో న్యూట్రానుల వేగమును తగ్గించుటకు దానిని ఉపయోగింతురు. గోదావరి కోనసీమకు రాకముందే, ఎగువన మణుగూరు సమీపములోని అశ్వాపురము మండలమున, ఆ నది నీటినుండి భారజలమును వేఱుచేయు కర్మాగారము ఒకటి 1991లో పనిచేయ నారంభించినది. “పుస్తకములోని ఐసోటోపు ఎక్కడో దూరదేశమున లేదు. మీ చెంబులోనే యున్నది. వేలలో ఒకటిగా నున్నదానిని ఏఱి తీయుటకు మనుజుడు ఎంత శ్రమపడుచున్నాడో ఆలోచింపుడు” అని ఆయన అనెను.

తిరిగి వచ్చునప్పుడు దారిలో ఒక తోటకాపు పిల్లలకు బొండములు కొట్టి యిచ్చెను. వారు త్రాగుచుండగా ఉపాధ్యాయుడు నవ్వుచు, “మీరు త్రాగుచున్న నీటిలో పొటాసియము సమృద్ధిగా కలదు. అందు నూటికి 93 వంతులు 39 రకము, ఇంచుమించు 7 వంతులు 41 రకము. పదివేలలో ఒక్కటి మాత్రము 40 రకము. అది మిక్కిలి నెమ్మదిగా కిరణములను వెలువరించుచుండును. దానిలో సగము తఱుగుటకు నూఱుకోట్ల యేండ్లకు పైగా పట్టును. పొటాసియము మన శరీరములోను ఎల్లప్పుడును ఉండునదే గనుక భయపడనక్కఱ లేదు, త్రాగుడు. అన్నిటిని కలిపి సగటు కట్టినచో పట్టికలోని 39.1 వచ్చును” అని చెప్పెను. ఆ మాటలు పాఠమని పిల్లలకు తోచలేదు. కాని వారెవరును వానిని మఱచిపోలేదు.

రెండు నెలలు గడచినవి. బాలుని తోటలో మరల దింపు అయినది. ఈ లోపల వాడు తండ్రికి ఆ లెక్కను నేలపై గింజలతో పేర్చి చూపియుండెను. తండ్రి చదువుకొన్నవాడు గాడు. పైగా కాయలు కొనువాని యొద్ద బయానా తీసికొనియుండెను. తప్పు తెలిసినను ఎదురు చెప్పుట ఎట్లని ఆయన చాల దినములు సంకోచించెను. దింపు నాడు మాత్రము ఆయన ఒక్క పని చేసెను. కాయలు కొనువాడు వచ్చుటకు ముందే పెద్దకాయలను ఒక రాశిగను, చిన్నకాయలను ఒక రాశిగను పోయించి, లెక్కించి, కొడుకుచేత రెండు చీటీలు వ్రాయించి వానిపై నుంచెను. కొనువాడు వచ్చి రెండు రాశులను, రెండు చీటీలను చూచెను. నీరుకావి పంచెతో నిలిచియున్న తండ్రిని చూచెను. ప్రక్కనే పెన్సిలుతో నిలిచియున్న కొడుకును చూచెను. “వేఱుగా పోసితివేమయ్యా?” అని అడిగెను.

“ఏవి ఎన్నియో తెలియవలెను గదా, షావుకారుగారూ!” అని తండ్రి వినయముగా బదులు చెప్పెను.

కొనువాడు మఱేమియు అనక, రెండు రాశులకు రెండు ధరలు కట్టి ఇచ్చివేసెను. వాదము జరుగలేదు, మనస్సులు విఱుగలేదు. పోయిన దింపు సొమ్ము తిరిగి రాలేదు. కాని ఆనాటినుండి ఆ తోటలో రెండు రాశులు పోయుట వాడుకయైనది. క్రమముగా ఆ తరగతిలోని మఱికొందఱి తోటలలో గూడ రెండేసి రాశులు వెలసినవి.

ఆ సంవత్సరాంతమున పరీక్షాఫలితములు వచ్చినప్పుడు, తరగతి సగటు మార్కులు తక్కువగా నున్నవని తోడి ఉపాధ్యాయుడొకడు చింతించెను. శాస్త్రోపాధ్యాయుడు మార్కుల పుస్తకమును చాలసేపు చూచి, “సగటు అవసరమే. తరగతి యెటు పోవుచున్నదో అది చెప్పును. కాని ఈ సంఖ్య పేరుగల విద్యార్థి నా తరగతిలో లేడు. ఇందులో అర న్యూట్రాను ఉండునా యని అడిగిన బాలిక యున్నది. నాణెములతో ఆడుకొనుచు ఐసోబారును పట్టుకొన్న అల్లరివాడున్నాడు. సగటును చూచి వారిని కొలుచుట, ముప్పదియైదున్నర బరువుగల పరమాణువు కొఱకు వెదకుటవంటిది” అనెను.

లోకములో సగటులు పెక్కు వినబడుచుండును. సగటు ఆదాయము, సగటు వర్షపాతము, సగటు దిగుబడి అని పత్రికలు నిత్యము వ్రాయుచునే యుండును. వానిని నిరాకరింపరాదు, కన్నులు మూసికొని నమ్మరాదు. ఏవి ఎన్ని యని ఒక్క ప్రశ్న వేయవలెను. ఆ ప్రశ్న క్లోరిన్ రహస్యమును విప్పినది. అదే ప్రశ్న ఒక కౌలుదారుని కష్టార్జితమును కాపాడినది. ఆ నల్లబల్లపై వ్రాసిన లెక్క ఏనాడో చెరిగిపోయియుండును. కాని కోనసీమలోని ఆ తోటలో రెండు రాశుల నడుమ వదలిన జానెడు ఎడము మాత్రము ప్రతి దింపునను మరల కనబడుచునే యుండెను.